రెండు తులాల గొలుసుకే జవాబు లేదు, మనిషికి ఎవరు జవాబు?

ప్రశ్న: వకీలు సార్‌కు నమస్కారం. మాది కోరుట్ల దగ్గర ఒక ఊరు. మా తమ్ముడు ఆరేళ్ల నుంచి షార్జాలో ఏసీ మెకానిక్. పెళ్లయింది, ఒక పాప. సెలవు అయిపోయింది, వచ్చే నెల తిరిగి పోవాలి. అహ్మదాబాద్ విమానం కూలినప్పటి నుంచి మా అమ్మకు ఒకటే టెన్షన్, వాణ్ని పంపనే పంపనంటుంది. టికెట్ కొన్నామంటే అన్నిటికీ ఒప్పుకున్నట్టే, కంపెనీ మీద కేసు వేయరాదని ఊళ్లో ఒకాయన అంటాడు. ఏమన్నా అయితే కోటి రూపాయలు ఇచ్చే రూలు ఉందని ఏజెంటు అంటాడు. ఎవరి మాట నిజం? ఇంకో సంగతి. ఎనిమిది నెలల కింద వాడు వచ్చేటప్పుడు, నడుమ విమానం మారిన మన దేశపు ఊళ్లోనే, చెకింగ్ దగ్గర ట్రేలో పెట్టిన రెండు తులాల గొలుసు పోయింది. అత్తగారు పెళ్లిలో పెట్టింది. యూనిఫారం ఆయన విమానం కంపెనీని అడగమన్నాడు. కంపెనీవాళ్లు చెకింగ్ మాది కాదన్నారు. ఎయిర్‌పోర్టు కౌంటర్లో మెయిల్ పెట్టమన్నారు. రెండు తులాల గొలుసుకే జవాబు చెప్పేటోడు లేడు, రేపు మనిషికి ఏమన్నా అయితే ఎవరు చెప్తారు సార్?
— ఒక అక్క, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, చట్టంలో మీ ఆఖరి ప్రశ్న తలకిందులుగా ఉంటుంది. మనిషికి ఎవరు జవాబు చెప్పాలో ముందే రాసిపెట్టి ఉంది. గొలుసు సంగతే గోడకు కొట్టిన బంతిలా తిరుగుతూ ఉంటుంది. మనిషి సంగతి ముందు చూద్దాం.

మీ ఊరాయన చెప్పింది తప్పు. టికెట్ అంటే ఒప్పందం, ఆ మాట నిజమే. కానీ 'మాకేం సంబంధం లేదు' అని టికెట్ వెనక ఎంత చిన్న అక్షరాల్లో రాసుకున్నా అది చెల్లదు. షార్జా ప్రయాణం రెండు దేశాల నడుమ కాబట్టి దానికి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. మన దేశం 2009లో అందులో చేరి, 1972 నాటి విమాన రవాణా చట్టంలో దాన్ని మూడో షెడ్యూలుగా చేర్చుకుంది. షార్జా ఉన్న ఎమిరేట్స్ దేశం, సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ కూడా అందులో ఉన్నవే. విమానంలో గానీ, ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు గానీ ప్రమాదం జరిగి ప్రయాణికుడు చనిపోయినా, గాయపడినా విమాన సంస్థే బాధ్యురాలు. తన బాధ్యతను తగ్గించుకోవడానికి అది రాసుకునే షరతు ఏదైనా రద్దే. ఈ మాట ఆ ఒప్పందంలోనే ఉంది.

ఏజెంటు చెప్పింది సగం తప్పు. సగమే అనడానికి కారణం ఉంది, ఆ కోటి ఎక్కడి నుంచి పుట్టిందో తర్వాత చెప్తాను.

పరిహారం రెండు అంచెల్లో ఉంటుంది. మొదటి అంచె 1,51,880 ఎస్‌డీఆర్. ఇది 2024 డిసెంబర్ 28 నుంచి ఉన్న అంకె, అంతకుముందు 1,28,821 ఉండేది. ఎస్‌డీఆర్ చేతికి దొరికే నోటు కాదు, ఐఎంఎఫ్ వాడే లెక్క. మన రూపాయల్లో ఆ మొదటి అంచె ఒక కోటీ ఎనభై లక్షల దరిదాపుల్లో ఉంటుంది, మారకం రేటుతో అటూ ఇటూ అవుతుంది. అంతవరకు 'నా తప్పేం లేదు' అనే మాటే విమాన సంస్థ నోట రాకూడదు. పిడుగు పడినా, పక్షి తగిలినా, ఎవడో బాంబు పెట్టినా ఇవ్వాల్సిందే. అంతకు మించి నష్టం రుజువైతే రెండో అంచె మొదలవుతుంది. అక్కడ మాత్రం తన నిర్లక్ష్యం లేదని, లేదా తప్పంతా వేరొకరిదేనని విమాన సంస్థ నిరూపించుకుంటే తప్పించుకోవచ్చు. నిరూపించే భారం దానిది, మీది కాదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. మొదటి అంచె అంటే అందరికీ లెక్కగట్టి పంచే మొత్తం కాదు. 'అంతవరకు తప్పు ఎవరిదని అడగం' అని మాత్రమే దాని అర్థం. 'నష్టం ఎంత' అని అడుగుతారు, దానికి కాగితం చూపాలి.

ఈ సంగతి మంగళూరు కేసుల్లో తేలింది. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం మంగళూరు గుట్ట మీది రన్‌వే దాటిపోయి లోయలో పడింది. 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. దారిలో గంటన్నరకు పైగా కెప్టెన్ నిద్రలో ఉన్నాడని, దిగేటప్పుడు మళ్లీ పైకి లేపమని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా వినలేదని విచారణలో బయటపడింది. ఇంతకంటే స్పష్టమైన తప్పు ఏముంటుంది? అయినా పరిహారం దగ్గర పేచీ వచ్చింది. అప్పటి మొదటి అంచె 75 లక్షల వరకు వచ్చేది. అది ప్రతి కుటుంబానికీ కనీస హక్కని కేరళ హైకోర్టులో ఒక జడ్జి అన్నారు. అదే 2011లో ఇద్దరు జడ్జిల బెంచి దాన్ని కొట్టేసింది. కనీసం అంటూ ఏమీ లేదు, ఎవరి నష్టం వాళ్లు చూపించుకోవాలి అంది.

అదే ప్రమాదంలో మరో కుటుంబం ఢిల్లీలో జాతీయ వినియోగదారుల కమిషన్‌కు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు పోయింది. 2020లో ఆ కుటుంబానికి 7.64 కోట్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది. పోయినాయన గల్ఫ్‌లో పెద్ద హోదా ఉద్యోగి. యజమాని జీతాన్ని ఎన్ని పేర్లతో ముక్కలు చేసి చూపినా మొత్తాన్నీ జీతంగానే లెక్కించాలని కోర్టు అంది, మున్ముందు పెరిగే ఆదాయాన్నీ కలిపింది. ఒకే విమానం, ఒకే తప్పు. ఎవరి కాగితాలు ఎంత గట్టిగా ఉంటే అంత తేడా.

మీ తమ్ముడి సంగతికి వస్తాను. నా దగ్గరికి వచ్చే గల్ఫ్ కుటుంబాల్లో ఎక్కువమంది జీతం గురించి చెప్పేది ఇలా ఉంటుంది: ఒప్పంద కాగితం మీద తొమ్మిది వందల దిర్హాములు, ఓవర్‌టైం మీద ఇంకో తొమ్మిది వందలు, అది చేతికే ఇస్తారు. ఇంటికి పంపేది హుండీలో. షార్జాలో ఒకరి చేతిలో పెడితే మెట్‌పల్లిలో ఇంకొకరు ఇంటికొచ్చి ఇచ్చిపోతారు. రేటు రెండు పైసలు ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ రేపు కోర్టులో ఆ మనిషి సంపాదన ఏమిటంటే తొమ్మిది వందల దిర్హాములు. ఇంటికి పంపింది ఏమిటంటే సున్నా. హుండీ చట్టవిరుద్ధమనేది ఒకటి, అంతకంటే ముందు ఆ ఇంటి బువ్వ ఎవరి చేతి మీద నడుస్తుందో చూపే ఒకే ఒక ఆధారం దాంతో పోతుంది. ఇక నుంచి డబ్బు బ్యాంకులోనో ఎక్స్‌ఛేంజ్‌లోనో, భార్య ఖాతాకే పంపమనండి.

ఒక ప్లాస్టిక్ కవరు ఇంట్లో పెట్టుకోండి. లేబర్ కాంట్రాక్టు, వీసా పేజీ, ఎమిరేట్స్ ఐడీ రెండు వైపులా, ఆరు నెలల జీతం చీటీలు, డబ్బు పంపిన రసీదులు, పెళ్లి సర్టిఫికెట్, పాప పుట్టిన సర్టిఫికెట్, టికెట్ ప్రింటు. పెళ్లి సర్టిఫికెట్ దగ్గర మనవాళ్లు నవ్వుతారు. పెళ్లికి వెయ్యి మంది వచ్చారు, సర్టిఫికెట్ ఎందుకంటారు. ఆ వెయ్యి మందిలో కోర్టుకు ఎంతమంది వస్తారో నాకు తెలుసు. అన్నట్టు, పరిహారం అడిగే హక్కు భార్యాపిల్లలకే అనుకోకండి. తల్లిదండ్రులు, తాత అమ్మమ్మలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా మన చట్టంలో కుటుంబమే. మీ అమ్మగారూ, మీరూ అందులో ఉన్నారు. ఎవరికి ఎంత పోయిందో చూసి పంపకం చేస్తారు.

కేసు వేయడానికి షార్జా పోవాలా? అక్కర్లేదు. విమాన సంస్థ సొంత దేశం, దాని ముఖ్య కార్యాలయం ఉన్న చోటు, టికెట్ కొన్న దాని ఆఫీసు ఉన్న చోటు, ప్రయాణం ముగిసే చోటు: ఈ నాలుగింట్లో ఎక్కడైనా వేయవచ్చు. చావు, గాయం కేసుల్లో ఐదోది కూడా ఉంది, ప్రయాణికుడు స్థిరంగా నివాసముండే దేశం. ఆ విమాన సంస్థ అక్కడికి సర్వీసు నడుపుతూ, అక్కడ తనదో తన భాగస్వామిదో ఆఫీసు పెట్టుకుని వ్యాపారం చేస్తుండాలి. పోను రాను టికెట్ కలిపి కొంటే బయల్దేరిన ఊరే ముగిసే చోటు, అంటే హైదరాబాద్ అవుతుంది. గల్ఫ్‌వాళ్లకు ఐదో దానిలో ఒక మెలిక ఉంది. ఆరేళ్లు షార్జాలో ఉన్న మనిషి స్థిర నివాసం కోరుట్లా, షార్జానా అని అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు. అందుకే రేషన్ కార్డులో పేరు, ఓటరు లిస్టులో పేరు తీసేయించుకోకండి. 'వాడు ఇక్కడ ఉండడు కదా' అని మనవాళ్లే వెళ్లి తీయించడం చూశాను.

అన్నిటికంటే ముఖ్యం గడువు. రెండేళ్లు. విమానం చేరాల్సిన రోజు నుంచి లెక్క. దాటితే హక్కే ఉండదు, కోర్టు జాలిపడి ఆలస్యాన్ని మన్నిస్తుందనే ఆశ పెట్టుకోకూడదు. విచారణ రిపోర్టు రానీ, అప్పుడు చూద్దాం అని ఆగేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ప్రమాదాలను విచారించే ఏఏఐబీ పని మళ్లీ అలాంటిది జరగకుండా కారణం కనుక్కోవడం. ఎవరు దోషి, ఎవరు ఎంత కట్టాలి అనేది తేల్చడం దాని పని కాదు, ప్రపంచమంతటా ఇదే పద్ధతి. అహ్మదాబాద్ ప్రమాదం 2025 జూన్ 12న జరిగింది. విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు, మెడికల్ కాలేజీ హాస్టల్ దగ్గర నేల మీద ఉన్న 19 మంది కూడా పోయారు. జులైలో వచ్చిన తొలి రిపోర్టు, విమానం లేచిన క్షణాల్లోనే ఇంజన్లకు ఇంధనం ఇచ్చే రెండు స్విచ్‌లూ 'కటాఫ్'కు మారాయని చెప్పింది. ఎందుకు మారాయో అది తేల్చలేదు. మొదటి అంచెకు ఆ 'ఎందుకు'తో పనే లేదు. గడువు మాత్రం 2027 జూన్ దాకానే.

ఆ నేల మీద పోయిన 19 మంది సంగతి వేరు. వాళ్ల దగ్గర టికెట్ లేదు కాబట్టి మాంట్రియల్ వాళ్లకు వర్తించదు. మామూలు నష్టపరిహార దావాయే దారి.

ఇప్పుడు మీ ఏజెంటు కోటి. అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత టాటా గ్రూపు చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. ఎయిర్ ఇండియా అదనంగా 25 లక్షలు మధ్యంతరంగా ఇస్తామంది. కోటి అనేది ఒక కంపెనీ తనంతట తాను ఇస్తానన్నది, రూలు కాదు. ఇంకో కంపెనీ ఇవ్వకపోవచ్చు. మధ్యంతరం అంటే ముందు ఇచ్చి తర్వాత వచ్చే పరిహారంలో పట్టుకునేది. ఈ రెంటికీ తేడా తెలియక సంతకాలు పెట్టేవాళ్లున్నారు. 'ఇక మాకు ఏ హక్కూ లేదు, ఇదే పూర్తి మొత్తం' అనే కాగితం ఏ భాషలో ఉన్నా, చావింట్లో పది రోజుల లోపల సంతకం పెట్టకూడదు.

విమానం తయారుచేసినవాడి మీద కూడా దావా ఉంటుంది. 2019లో ఇథియోపియాలో కూలిన 737 మ్యాక్స్ కేసుల్లో బోయింగ్ 2021లో తన బాధ్యతను ఒప్పుకుంది. అక్కడి పరిహారాలు పెద్దవి కాబట్టి అమెరికాలో వేయాలని అందరూ చూస్తారు. 'మీ దేశంలోనే వేసుకోండి' అని అక్కడి జడ్జి తిప్పిపంపే దారి కూడా ఉంది. ఇలాంటి ప్రమాదం జరగ్గానే ఇంటి ముందుకు కార్డులు పట్టుకుని మనుషులు వస్తారు. ముప్పై శాతం మాకు, మిగతా మీకు అంటారు. మన దేశంలో వకీలు వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం, అలా ఇంటికొచ్చి కేసు అడుక్కోవడమూ అంతే. ఈ మాట రాసినందుకు మా కోర్టులో ఇద్దరు ముగ్గురు నాతో రెండు రోజులు టీ తాగరు. పర్వాలేదు.

ఇక భద్రత. మీరు రాసిన 'చెకింగ్ మాది కాదు' అనే మాట కొత్తది కాదు. మన దేశంలో నియమాలు రాసేది బీసీఏఎస్ అనే కేంద్ర విమాన భద్రతా సంస్థ, తనిఖీ చేసేది చాలాచోట్ల సీఐఎస్‌ఎఫ్ అనే కేంద్ర భద్రతా దళం, మిషన్లు, సీసీ కెమెరాలు, జాగా ఎయిర్‌పోర్టు నడిపేవాడివి, విమానం దగ్గర కాపలా చాలావరకు విమాన సంస్థ మనుషులది. 1999 డిసెంబర్‌లో ఖాట్మండు విమానం హైజాక్ అయ్యాకే, 2000లో జైపూర్‌తో మొదలుపెట్టి, ఎయిర్‌పోర్టులు సీఐఎస్‌ఎఫ్ చేతికి వచ్చాయి. అంతకు ముందు పోలీసులు చూసేవారు. నలుగురి చేతుల్లో ఉన్న పనికి జవాబుదారీ ఎవరంటే ఏమవుతుందో మీరే చూశారు. మా వరంగల్ దగ్గరి మామునూరు రన్‌వే 1981 నుంచి ఖాళీగా ఉంది. 2025లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది, 253 ఎకరాల భూసేకరణ మీద రైతులు మా కోర్టు మెట్లెక్కారు. రేపు అక్కడ విమానాలు దిగితే ఈ 'మాది కాదు' మాట మాకూ ఇంటి పక్కకే వస్తుంది.

చెకింగ్ లోపం వల్ల ప్రాణాలు పోతే? 1985 జూన్ 23న కనిష్క విమానం ఐర్లండ్ దగ్గర సముద్రం మీద పేలింది, 329 మంది పోయారు. బాంబు ఉన్న బ్యాగును వాంకూవర్‌లో ఒకడు చెకిన్ చేశాడు. అతనికి ఎయిర్ ఇండియా విమానంలో సీటు ఖాయం కాలేదు, బ్యాగును మాత్రం చివరి దాకా పంపాల్సిందేనని కౌంటర్లో పట్టుబట్టాడు. వెనక లైను పెరుగుతోంది. కౌంటర్లో ఆమె సరేనంది. బ్యాగు పోయింది, మనిషి ఎక్కలేదు. బ్యాగు ఎయిర్ ఇండియా విమానంలోకి మారిన టొరంటోలో ఎక్స్‌రే మిషన్ ఆ రోజే చెడిపోయి ఉంది. 2010లో కెనడా విచారణ కమిషన్ ఇదంతా వరుస తప్పిదాలని తేల్చింది, ఆ దేశ ప్రధాని క్షమాపణ చెప్పాడు. ఇరవై ఐదేళ్ల తర్వాత.

మూడేళ్లకే 1988 డిసెంబర్ 21న లాకర్‌బీ మీద పాన్‌యామ్ విమానం పేలింది. అక్కడా మనిషి లేని బ్యాగే. 270 మంది. 1992లో అమెరికా జ్యూరీ ఇది తెలిసి చేసిన తప్పే అని విమాన సంస్థను పట్టుకుంది. అప్పటి పాత ఒప్పందం కింద పరిమితి 75 వేల డాలర్లే, ఆ తీర్పుతో అది ఎగిరిపోయింది. బాంబు పెట్టింది వేరొకడైనా, పెట్టనిచ్చినవాడూ జవాబు చెప్పాల్సి వచ్చింది. ఎప్పుడైనా విమానం కదలకుండా 'ఒక ప్రయాణికుడు ఎక్కలేదు, ఆయన బ్యాగు దించుతున్నాం' అని చెప్తే విసుక్కుంటాం కదా. నేనూ ఢిల్లీలో ఒకసారి నలభై నిమిషాలు విసుక్కున్నాను. ఆ నలభై నిమిషాల వెనక ఈ రెండు విమానాలున్నాయి.

చెకింగ్ లైన్లో నిలబడ్డప్పుడు ఏమైనా జరిగితే? 1973లో ఏథెన్స్‌లో అదే జరిగింది. న్యూయార్క్ విమానం ఎక్కడానికి తనిఖీ లైన్లో ఉన్నవాళ్ల మీద గ్రెనేడ్లు విసిరారు. ఆ లైన్లో ఉన్నవాళ్లు 'విమానం ఎక్కుతున్నట్టే', కాబట్టి విమాన సంస్థదే బాధ్యత అని అమెరికా అప్పీలు కోర్టు 1975లో చెప్పింది. 1972లో టెల్ అవీవ్‌లో బ్యాగుల బెల్టు దగ్గర కాల్పులు జరిగిన కేసులో మాత్రం, దిగడం అయిపోయింది, విమాన సంస్థకు సంబంధం లేదన్నారు. మన కోర్టులు వీటికి కట్టుబడనక్కర్లేదు. కానీ 'ఎక్కుతూ, దిగుతూ' అన్న ఆ మాటలే మాంట్రియల్‌లోనూ ఉన్నాయి కాబట్టి వాదనలో ముందు పెట్టేది ఇవే.

అదే లైన్లో గొలుసు పోతే ఇంత సులువు కాదు. చెకిన్ చేసిన పెట్టె పోతే విమాన సంస్థ తప్పు అడగకుండానే కడుతుంది, 1,519 ఎస్‌డీఆర్ వరకు. పెట్టె పగిలితే ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే ఇరవై ఒక్క రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. చేతిలో ఉన్న వస్తువు పోతే మాత్రం విమాన సంస్థ లేదా దాని మనుషుల తప్పు చూపాలి. తనిఖీ చేసే జవాను దాని మనిషి కాడు. ప్రభుత్వ మనిషి. ప్రభుత్వం మీదికి పోతే ఒక పాత తీర్పు ఎదురొస్తుంది. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి దగ్గర వంద తులాలకు పైగా బంగారం పట్టుకుని మాల్‌ఖానాలో పెట్టారు. దాన్ని కాయాల్సిన హెడ్ కానిస్టేబులే బంగారం ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయాడు. అది సర్కారు సార్వభౌమ విధి, అంటే రాజ్యం మాత్రమే చేసే పని, కాబట్టి పరిహారం లేదని 1964లో సుప్రీంకోర్టు అంది. చదివినప్పుడల్లా నాకు కడుపు మండే తీర్పు అది. మన ఆంధ్రప్రదేశ్ నుంచే పోయిన ఒక ఎరువుల వ్యాపారి కేసులో 1994లో అదే కోర్టు ఆ వాదన పదును చాలావరకు తీసేసింది. కాబట్టి దారి మూసుకుపోలేదు. కానీ రెండు తులాల కోసం ఆ దారిలో నడవమని నేను చెప్పను.

మీరు చేయగలిగింది ఇది. సీఐఎస్‌ఎఫ్ వెబ్‌సైట్లో ఎయిర్‌పోర్టుల్లో దొరికిన వస్తువుల జాబితా ఉంటుంది. ఆ తేదీ, ఆ ఊరు పెట్టి చూడండి. చాలాసార్లు వస్తువు ఎవరూ కొట్టేయరు, ట్రే కింద రోలర్ల సందులో పడి సాయంత్రానికి దొరుకుతుంది, అడిగేవాడు అప్పటికి ఇంకో దేశంలో ఉంటాడు. లేకపోతే కోరుట్ల స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వండి. ఎక్కడ జరిగినా తీసుకుని అక్కడికి పంపాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. 'మా పరిధి కాదు' అంటే రాసి ఇమ్మనండి. సీఐఎస్‌ఎఫ్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి లాభం లేదు, చట్టం దాన్ని మినహాయించింది. ఎయిర్‌పోర్టు కౌంటర్‌కు మీరు మెయిల్ పెట్టి ఉంటే ఆ మెయిల్ బంగారం లాంటిది. ఎనిమిది నెలలే అయింది, వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు ఉంది. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ఆ ఊరికి పోనక్కర్లేదు. ప్రతి టికెట్లోనూ విమాన భద్రత ఫీజు అని కోస్తారు, 2021 ఏప్రిల్ నుంచి స్వదేశీ ప్రయాణానికి 200 రూపాయలు, విదేశానికి 12 డాలర్లు. డబ్బు తీసుకున్నాక అది సేవే అవుతుందని వాదిస్తాను. గెలుపు ఖాయమని మాత్రం చెప్పను. ఇకముందు గొలుసు, వాచీ, పర్సు లైన్లోకి పోకముందే చేతి బ్యాగులో వేసి జిప్ పెట్టేయమనండి. ట్రేలో విడిగా పెట్టకూడదు.

భద్రతలో మన వంతు కూడా ఉంది. ప్రయాణం రేపనగా చుట్టుపక్కల వాళ్లు వచ్చి మామిడి తొక్కు సీసా, మందుల పొట్లం, 'మా వాడికి ఇవ్వు బిడ్డా' అని చేతిలో పెడతారు. మొహమాటానికి తీసుకుంటాం. కనిష్కలో ఆ కౌంటర్ ఆమె కూడా మొహమాటపడింది. మసాలా పొడిలో గసగసాలున్నా ఎమిరేట్స్‌లో అది మత్తు పదార్థం కేసు. కొన్ని నొప్పి మాత్రలూ అంతే. పొట్లం ఎవరిదన్నా, పట్టుబడితే బ్యాగు ఎవరిదో వాడే ముద్దాయి.

మీ అమ్మగారికి ఏం చెప్పాలి? ముప్పై ఏళ్ల వకాలతులో నా దగ్గరికి వచ్చిన గల్ఫ్ చావుల ఫైళ్లలో విమానానిది ఒక్కటీ లేదు. రోడ్డు, సైటు మీంచి పడటం, రాత్రి పడుకుని లేవకపోవడం, ఇవే. పదో తరగతి పాస్ కాని కార్మికుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో, అంటే విదేశంలో పనికి పోవడానికి సర్కారు ఇచ్చే అనుమతితో పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. పది లక్షల ప్రమాద బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. విజిట్ వీసా మీద పోయినవాడికి అది ఉండదు, ఏజెంటు ఆ మాట చెప్పడు. మీ తమ్ముడు ఆరేళ్ల కింద కట్టి ఉంటే అది ఎప్పుడో అయిపోయింది. వచ్చే నెల విమానం ఎక్కకముందే పాలసీ నంబరు చూసి కట్టించండి, నామినీగా భార్య పేరు ఉందో లేదో చూడండి.

గొలుసు కొన్న బిల్లు ఆయన అత్తగారి దగ్గర ఉంటుంది, పెళ్లి ఫొటోల్లో గొలుసు కనబడుతుంది. ఆ రెండింటి జిరాక్సులు, ఎయిర్‌పోర్టుకు పెట్టిన మెయిల్, బోర్డింగ్ పాస్ ఉంటే అదీ పంపండి. కమిషన్‌కు ఫిర్యాదు ముసాయిదా నేను రాసిస్తాను, ఫీజు అక్కర్లేదు. తమ్ముడు బయల్దేరేలోపు సంతకం పెట్టాలి కాబట్టి ఈ నెలలోనే పంపండి.